బిగించుడు శాస్త్రం

మిర్యాలగూడ బోరులోకి దిగింది వాన నీళ్లా, సాగర్ కాలువ నీళ్లా? జలాశయంలో ఎండకు కొంత ఆవిరైపోగా మిగిలి, కాస్త బరువెక్కిన నీటిని ఆక్సిజన్-18 (ఆక్సిజన్‌లో బరువైన రకం) పట్టిస్తుంది. అందుకోసం నీటిచుక్కను రియాక్టర్ అనే కొలిమిలో, సిరామిక్ ట్యూబు లోపలి 1400 డిగ్రీల గ్లాసీ కార్బన్ (గాజులాంటి కార్బన్) మీదికి వదిలి, హైడ్రోజన్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చి, హీలియంతో మాస్ స్పెక్ట్రోమీటర్‌కు, అంటే అణువులను బరువు వారీగా లెక్కించే యంత్రానికి, తోలుతాం. ఇంత చేసి చివరికి కొలిచేది ల్యాబు గదిలోని గాలిని.

లీకుకు మన దగ్గర ఒకటే మందు: పానా. తెర మీద 40 బరువు దగ్గర, గాలిలోని ఆర్గాన్ గీత ఎక్కిందా, బిగించు. దిగలేదా, “ఇంకో చుట్టు తిప్పున్రి సార్, ఆగుతది.” ఓ-రింగు (జాయింటులో గాలిని ఆపే రబ్బరు వలయం) చపాతీ అయ్యేదాకా, సిరామిక్ ట్యూబు టిక్కుమనేదాకా ఈ వైద్యం నడుస్తుంది. ఓ-రింగు మీద ఒక్క వెంట్రుక ఉన్నా గాలి దూరుతుందని, నూగు రాలని కాగితానికి ఇథనాల్ అద్ది తుడిచి చేత్తో బిగిస్తే చాలని ఎవరైనా అంటే, వాళ్లకింకా అనుభవం చాలదన్నమాట.

28 మీద గీత లేవగానే గాలి అనుకోవడం మరో సంప్రదాయం. నైట్రోజనూ 28, కార్బన్ మోనాక్సైడూ 28. వేడి కార్బన్ సిరామిక్‌ను ఆనుకున్న చోట ఆ మోనాక్సైడ్ కొంత పుడుతూనే ఉంటుంది. నమ్మదగిన సాక్షి ఆర్గానే. గాలిలో 0.93 శాతమే అయినా దేనితోనూ కలవదు, ఎవరి మాటా వినదు. 40తో పాటు 32 కూడా లేస్తే లీకు రియాక్టర్ దాటాక ఉంది. 40 ఒక్కటే లేస్తే రియాక్టర్ దగ్గరో, దానికి ముందో: దూరిన ఆక్సిజన్‌ను వేడి కార్బన్ మింగేసింది. (కార్బన్ ట్యూబు కూడా అరుగుతుంది, అది వేరే పద్దు.) కొత్త హీలియం సిలిండర్ పెట్టిన రోజు రెగ్యులేటర్‌లో ఇరుక్కున్న గాలి నాలుగైదుసార్లు నింపి వదిలితే పోతుంది. కానీ అప్పటికే పానా బయటికొస్తుంది.

నల్లగొండ గడియారం సెంటర్లో పంక్చర్ వేసేవాళ్లు ట్యూబును జానెడు జానెడు ముంచి, బుడగ కనబడ్డాకే గరుకు కాగితం తీస్తారు. పాపం, పెద్ద చదువులు లేక అబ్బిన ఓపిక. మనకు సబ్బు నురగ కూడా కుదరదు. లీకులోంచి నీరే లోపలికి పోతుంది, కొలిచేదీ నీటినే. సన్నటి గొట్టంతో ఒక్కో జాయింటు మీద ఆర్గాన్ వదలాలి. అది గాలికన్నా బరువు, కిందికి జారుతుంది కాబట్టి కింది నుంచి పైకి రావాలి. రియాక్టర్, కాలమ్ (వాయువులను విడదీసే గొట్టం) దాటి గీత లేవడానికి వ్యవధి కావాలి, జాయింటుకు రెండు మూడు నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెట్టి నిమిషంలో ఆరు జాయింట్లు ఊది, గీత లేచే వేళకు చేతికింద ఉన్న కింది ఓ-రింగును బిగించడం మన ఆచారం.

పైన సెప్టం నవ్వుకుంటుంది. నీటిచుక్క వదిలే సూది వందసార్లు పొడిచిన రబ్బరు బిళ్ల, దాని కింద మన ఉప్పు నీళ్లు వదిలిన తెల్లటి పొర. బిళ్ల మార్చడానికి పానా అక్కర్లేదు. అందుకే దాని జోలికి ఎవరూ పోరు.