నీటిమర కథలో తిరగలి ఎక్కడ?

ఇంగ్లండ్ పల్లెల్లో ఏటి నీటితో తిరిగి గింజలు పిండి చేసే పాత నీటిమరను బాగుచేసి చూపించేచోట తరచూ ఒక పలక కనిపిస్తుంది. దాని మీద యజమానుల పేర్లు: మొదట క్రైస్తవ మఠం, తర్వాత ఫలానా ప్రభువు, ఆపైన కౌలుకు తీసుకున్న కుటుంబం, చివరికి మర మూతపడిన సంవత్సరం. చేతులు మారిన వరుస తప్ప అందులో చరిత్ర లేదు. ఆ మరకు గింజలు మోసినవాళ్లు ఎందుకు మోశారన్నదే అసలు ప్రశ్న.

ఇంగ్లండ్ రాజు భూములు, ఆస్తులు లెక్కించి రాయించిన 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లో దాదాపు 6,000 మరలున్నాయి. కొన్నింటి అద్దె మలుగు చేపల్లో కట్టేవారు. ప్రభువుల రాబడి కింద వాటిని రాసుకున్నారు. చక్రాన్ని తిప్పింది ఏరే, రాబడి తెచ్చింది మాత్రం నిర్బంధం. చాలా ఊళ్లలో రైతు దొరగారి మరలోనే ఆడించుకోవాలి, గింజల్లో వంతు అక్కడే వదిలి రావాలి. ఇంట్లో తిరగలి తిప్పితే నేరం.

ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో మఠాధిపతి రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ ఖగోళ గడియారం రూపొందించిన మేధావి. 1330ల మొదట్లో ఆయనే పట్టణవాసుల తిరగళ్లు లాక్కుని ఆ రాళ్లను తన గదిలో నేలకు పరిపించాడు. వాళ్ల వంటింటి రాళ్ల మీద మఠం నడిచింది. యాభై ఏళ్లు ఆ అవమానాన్ని ఎవరూ మరవలేదు. 1381 రైతుల తిరుగుబాటులో జనం మఠంలోకి చొరబడి ఆ రాళ్లను పెకలించారు, ముక్కలు చేసి ప్రసాదంలా పంచుకుని ఇళ్లకు తీసుకెళ్లారు. వాళ్ల నాయకుడు విలియం గ్రిండ్‌కాబ్‌ను ఆ జులైలోనే ఉరితీశారు.

ఆనకట్ట, కాలువ, మరరాళ్లు, పళ్ల చక్రాలు అన్నీ ఖర్చే, పెట్టుబడి పెట్టినవాడికి రాబడి ఉండొద్దా అంటారు. తిరగలి దగ్గర ఆడవాళ్ల రెక్కల కష్టం తగ్గించింది మరే కదా అనీ అంటారు. రెండూ నిజమే. అంత మేలు చేసేదైతే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు, తిరగళ్లు ఎందుకు లాక్కోవాలి? ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో 14వ శతాబ్దంలోనే పౌరులు వాటాలు వేసుకుని బజాకల్ అనే చోట నీటిమరలు నడిపారు. ప్రభువు లేనిదే మర లేదన్న వాదన అక్కడే వీగిపోయింది.

నాకు ఈ కథ విత్తనం దగ్గరికే వచ్చి ఆగుతుంది. పేటెంట్ ఉన్న సోయా గింజలను రైతు దాచుకుని, అనుమతి లేకుండా మళ్లీ విత్తి పంట తీయకూడదని 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఓడిపోయింది ఇండియానాకు చెందిన ఒక ముసలి రైతు. అక్కడ గింజ పిండి చేసుకునే హక్కు, ఇక్కడ గింజను మొలకెత్తించే హక్కు. ఇంట్లో చేసుకోగలిగిన పనిని నేరం చేసి వాకిట్లో వసూలుకు కూర్చునే పద్ధతి మాత్రం ఒకటే.

అందుకే పాత మరలను కాపాడేవాళ్లను ఒకటే అడుగుతున్నాను. యజమానుల పలక ఉండనివ్వండి. దాని పక్కనే, అదే ఎత్తులో ఒక విరిగిన తిరగలి రాయి పెట్టండి. అది ఎవరి ఇంట్లోంచి పోయిందో, ఎవరు తీసుకుపోయారో కింద రాయండి.