కత్తికీ ఎలుకకీ మధ్య ఒక దీర్ఘం

వారంలో ఇది నాలుగోసారి. ముందు మెడిసిన్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత మా మేనమామ పంపాడు, నిన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో దిగింది. పొద్దున్న పంపినవాడైతే ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో నాతో మూడేళ్లు ఒకే గదిలో పడుకున్నవాడు. "ఫిలిప్పీన్స్ కత్తి విద్య పదాలు, అసలు ఉచ్చారణ! మన మూలాలు తెలుసుకోండి, గర్వంగా షేర్ చేయండి!" ఎనిమిది పదాలు, ఒక్కోదాని పక్కన తెలుగులో పలికే తీరు, చివర దణ్ణం పెట్టే చేతులు. మేనమామని ఏమీ అనను, ఆయన ఆ దేశం చూడలేదు. నువ్వెందుకు పంపావురా? ఓనరమ్మ అద్దె అడగడానికి వస్తే అక్కడి బిసాయా భాషలో బతిమాలి నెల గడువు తెచ్చిన నాలుక కదా నీది!

చిన్నవి ముందు తేల్చేద్దాం.

కుచీల్యో అంటే మామూలు వంటింటి కత్తి. మెసేజ్‌లో "కట్‌సిల్యో" అని ఉంది. అక్కడ టీ, ఎస్ పక్కపక్కన రాస్తే పలికేది చ. తాగే టీని వాళ్లు టీ-ఎస్‌తో మొదలుపెట్టి రాసి "చా" అనే అంటారు. హాస్టల్ గుమ్మంలో విడిచే చెప్పులు "చినేలస్", వాటికీ అదే స్పెల్లింగు. ఇంగ్లీషు 'కట్' గుర్తొచ్చి కత్తికి బాగా అతికిందనుకున్నట్టున్నారు.

బరావ్ అంటే సెబువానోలో, అదే మన బిసాయాలో, బాకు. దీన్ని "బా-రా" అన్నారు, చివరి ముక్కని ఇంగ్లీషు 'raw' అనుకుని. దావావ్ అనడం వచ్చినవాడికి బరావ్ అనడం రాదా?

కరంబిత్. "స్వచ్ఛమైన ఫిలిపినో పదం, కేరంబిట్ అనాలి" అట. ఆ వంకర కత్తి పుట్టిల్లు పశ్చిమ సుమాత్రా, అక్కడి మినాంగ్‌కబావ్ జనానిది. మలయ్‌లో మొదటి అక్షరం 'కె'కీ 'క'కీ మధ్య నలిగిపోతుంది, ఫిలిప్పీన్స్‌కి వచ్చాక హాయిగా 'క' అయింది. 'కే' మాత్రం ఎవరూ అనరు.

దోసె పారెస్. సెబు నగరంలో 1932లో పెట్టిన ఎస్క్రీమా (ఈ కర్రా కత్తీ విద్యే) సంఘం పేరు. దోసె అంటే స్పానిష్‌లో పన్నెండు. మెసేజ్‌లో "డోస్ పేర్స్". తెలుగువాడి నోటికి దోసె కూడా తిరగలేదంటే ఇంక చెప్పేదేముంది.

ఇక ఎస్పాదా ఇ దాగ. ఒక చేతిలో పొడుగు కత్తి, రెండో చేతిలో బాకు. మధ్యలో ఉన్న 'వై' అక్షరం స్పానిష్‌లో "మరియు", దాన్ని ఇ అని పలుకుతారు. మెసేజ్ రాసినాయన "ఎస్పాడా వై డాగా" అన్నాడు, సైన్‌బోర్డు చదివినట్టు. సరే, వై పోనీ. ఆ డ ఎందుకు? ఆ దేశపు ముఖ్య భాష తగాలోగ్‌లో త, ద రెండూ పళ్ల దగ్గర పుట్టే అక్షరాలు, అచ్చం మనవే. ఇంగ్లీషువాడికి ఆ ద లేదు కాబట్టి వాడు డ అంటాడు. మన దగ్గర పెట్టుకుని వాడి దగ్గర అప్పు చేయడమెందుకు?

ఈ పదంతో నాకూ పాత లెక్క ఒకటుంది. మాకు కర్రా కత్తీ నేర్పినాయన బతాంగస్ అనే ప్రావిన్స్ మనిషి, తగాలోగ్ ఆయన ఇంటిభాష. అందరం కూయా అనేవాళ్లం, అంటే అన్నయ్య. సాయంత్రం బాస్కెట్‌బాల్ కోర్టులో ఒక్క ట్యూబ్‌లైటు కింద ప్రాక్టీసు. మొదటి నెలలో ఒకరోజు, అల్యూమినియం డమ్మీ కత్తి పట్టుకుని, నేర్చుకున్నది చూపించాలన్న ఉబలాటంతో, చివరి అక్షరాన్ని గట్టిగా నొక్కి "దగా!" అన్నాను. కూయా ఒక కాలు పైకెత్తాడు. నేల మీద అటూ ఇటూ వెతికాడు. చెప్పు చేతిలోకి తీసుకుని "నసాఆన్?" అన్నాడు, ఎక్కడ, ఎక్కడ అని. మిగతావాళ్లు నవ్వుతూ కూలబడ్డారు. మొదటి అక్షరాన్ని సాగదీసి దాగ అంటే బాకు. దాన్ని కుదించి, రెండోదాన్ని నొక్కి, చివర గొంతులో టక్కున ఆపేస్తే ఎలుక. స్పెల్లింగు రెండింటికీ ఒకటే. కత్తీ ఎలుకా పట్టుకుని యుద్ధానికి బయల్దేరిన ఏకైక తెలుగువాణ్ణి నేను. మన భాషలో దగా అంటే ఏమిటో ఆయనకి చెప్పలేదు, చెబితే ఇంకో అరగంట పోయేది.

మామూలు రాతలో వాళ్లు ఈ ఊనికకి, అంటే ఏ అక్షరం నొక్కాలో చెప్పడానికి, గుర్తు పెట్టరు. 'బాస' అంటే చదవడం, అదే స్పెల్లింగుని చివర నొక్కి ఆపితే తడిసినది. కాబట్టి రాసింది చూసి పలుకు చెప్పేవాణ్ణి నమ్మకండి, విన్నవాణ్ణి అడగండి. దాగలా చివరి ముందు అక్షరం సాగితే మన దీర్ఘం చక్కగా పనికొస్తుంది.

బలిసోఙ్ దగ్గరికి వద్దాం. రెండు పిడులు విడిపోయి తిరిగే మడతకత్తి, ఇంగ్లీషులో బటర్‌ఫ్లై నైఫ్. మెసేజ్ ప్రకారం "బాలీ సాంగ్, అనగా బాలి ద్వీపపు గీతం, తిప్పినప్పుడు కత్తి పాడుతుంది కనుక". ఎంత కవిత్వం! బతాంగస్‌లో తాఆల్ పట్టణం ఉంది, అందులో బలిసోఙ్ అనే బరంగాయ్, అంటే వార్డులాంటిది, ఉంది. ఈ కత్తులకి పేరుమోసిన ఊరు అది. బెంతె నువేబె, ఇరవై తొమ్మిది, అని దీనికే ఇంకో పేరు. ఎందుకన్నదానికి కూయా దగ్గర రోజుకో కథ ఉండేది. పాటల కథ మాత్రం ఒక్కటీ లేదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. రెండేళ్లు నేనూ "బలిసాంగ్" అనే అన్నాను, చివర గ్ వినిపించేలా. గ్ లేదు. ముక్కులో మోగి అక్కడే ఆగిపోవాలి. ఆ శబ్దానికి మన దగ్గర అక్షరం ఉంది, ఙ. మా అమ్మాయి గోడ చార్టులో దాని గళ్లో బొమ్మ లేదు, ఆ అక్షరంతో మొదలయ్యే మాట మనకి లేదు కాబట్టి. తగాలోగ్‌లో మాటలు దానితోనే మొదలవుతాయి: పన్ను ఙీపిన్, ఇప్పుడు ఙయోన్. చిన్నప్పుడు పంతులుగారు కొట్టి మరీ నేర్పిన అక్షరం సముద్రం దాటాక అక్కరకొచ్చింది. ఊనిక చివర, సోఙ్ మీద.

ఇప్పుడు ఏడోది. అసలు ఈ మెసేజ్ తిరిగేదే దీనికోసం. "ఈ విద్య పేరు కాలి కాదు, కాళి. మన కాళీమాత పేరు. ఫిలిపినోలు ళ మర్చిపోయారు, మనం గుర్తుచేయాలి. ళ నొక్కి పలకండి."

బాబూ! ఆ దేశపు పెద్ద భాషల్లో ళ మర్చిపోవడం ఏమిటి, ఉంటే కదా! తగాలోగ్‌లో లేదు, సెబువానోలో లేదు. అది పోనీయండి, సంస్కృతంలోనే అమ్మవారు కాలీ. ళ పెట్టుకున్నది మనం. సంస్కృతం నుంచి వెళ్లిందన్న మీ మాటే నిజమైతే, వెళ్లాల్సింది ల. అంటే ఫిలిపినోవాడికి లేని మరుపు అంటగట్టి, మన యాసని మూలమని చెప్పి, దాన్ని నొక్కి పలకమంటున్నారు. ఇంత తక్కువ చోటులో ఇన్ని తప్పులు దట్టించడానికీ ఒక నేర్పు కావాలి.

పైగా మాటని మాట పోలినంత మాత్రాన బంధుత్వమైతే, పైన చెప్పిన దోసె పారెస్ పెట్టినవాళ్లు ఉడుపి హోటల్ వాళ్లే అయ్యుండాలి. చట్నీ గురించి ఎవరైనా ఫార్వర్డ్ తయారుచేయండి.

ఆ దేశంలో జనం నోట ఈ విద్య ఎక్కువగా అర్నిస్, లేదా ఎస్క్రీమా. రెండూ స్పానిష్ మాటల నుంచి వచ్చినవే. 2009 డిసెంబరులో 9850వ నంబరు చట్టం చేసి జాతీయ యుద్ధకళగా, క్రీడగా ప్రకటించింది అర్నిస్ పేరుతోనే. ఎస్క్రీమా, కాలి అందులో మారుపేర్లు. కాలి అన్న పేరు ప్రపంచమంతా ఇంతగా పాకింది అమెరికాలో స్థిరపడ్డ మాస్టర్ల వల్ల, ముఖ్యంగా కాలిఫోర్నియాలో పుట్టిన డాన్ ఇనోసాంటో వల్ల. ఆ పేరు ఎక్కడిదన్న దానిపై వాళ్లలో వాళ్లకే తెగని వాదం ఉంది. కత్తికి అక్కడున్న పాత పేరు కలిస్ నుంచి అని కొందరు, రెండు సెబువానో మాటల ముక్కలు అతికించారని కొందరు. వాళ్లింటి తగాదా అది, వాళ్లు తేల్చుకుంటారు. మధ్యలో మనం వెళ్లి "అది మా అమ్మవారి పేరు, మీకు పలకడం రాదు" అనడం ఏం మర్యాద? నాకు ఒళ్లు మండింది ఇందుకే. కట్‌సిల్యో అంటే నవ్వి ఊరుకుంటారు. ఇది మాత్రం స్పెయిన్ వాడు, అమెరికావాడు పోయాక మూడో పెత్తనానికి మనం బయల్దేరినట్టుంది.

అయితే ఒకటి. మనకీ వాళ్లకీ చుట్టరికమే లేదంటే అదీ అబద్ధమే. తగాలోగ్‌లో ముఖం ముఖా, ఆశ ఆస, దేవత దివాతా. కత్తి నేర్పేవాణ్ణి గౌరవంగా పిలిచే గూరో మన గురువే, చివర గొంతు నొక్కుకుని. ఫిలిప్పీన్స్‌లోని లగూనాలో 1989లో దొరికిన రాగిరేకు మీద శక సంవత్సరం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చవితి, సోమవారం అని తిథితో సహా ఉంది, మన పంచాంగం చదువుతున్నట్టే. క్రీస్తుశకం 900 అది. దాని మీద రాసింది కత్తుల గురించి కాదు, కాళి గురించీ కాదు. ఒకాయన అప్పు మాఫీ అయిందన్న రశీదు.

ఇంకో నిజం కూడా చెప్పకపోతే కూయాకి అన్యాయం చేసినట్టే. ఆయన టీషర్టు మీద పెద్ద అక్షరాల్లో కాలి అని, కింద చిన్నగా ఎస్క్రీమా అని ఉండేది. ఇదేంటి కూయా అంటే, కెనడా నుంచి వచ్చేవాళ్లకి ఆ పేరైతేనే తెలుస్తుంది, ఫీజు వాళ్లే సరిగ్గా కడతారు అన్నాడు. మేము రెండు నెలలు బాకీ. ఇంకేం మాట్లాడతాం?

ఒరేయ్ రూమ్మేటూ, పొడవడాన్ని సక్‌సక్ అంటారని మెసేజ్‌లో ఉంది చూడు, అదొక్కటి సరిగ్గా రాశారు. గదిలో ఫోన్ ఛార్జర్ పెట్టే ప్లగ్గుని సక్‌సకన్ అనేవాళ్లం, గుర్తుందా? ఉన్న ఒక్కదానికోసం రోజూ కొట్టుకునేవాళ్లం. మిగతా ఏడూ తీసేసి ఆ ఒక్కటీ మళ్లీ పంపు, నేనే షేర్ చేస్తాను.