ఆ "నానో ఇంజెక్షన్" మెసేజ్ పంపడం ఇక ఆపండి

స్కూల్ ఫ్రెండ్స్ గ్రూప్‌లో అదే మెసేజ్, అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో అదే, చుట్టాల గ్రూప్‌లోనూ అదే. తెల్ల కోటు వేసుకున్న ఎవరిదో ఫోటో, కింద ఇలా ఉంది: "హైదరాబాద్‌లో చదివిన మన తెలుగు సైంటిస్టు అమెరికాలో ఆరు నెలల్లోనే నానో మందు కనిపెట్టారు. ఒక్క ఇంజెక్షన్, 48 గంటల్లో కాన్సర్ మాయం. మందు నేరుగా కాన్సర్ కణాల్లోకే పోతుంది, సైడ్ ఎఫెక్ట్స్ జీరో. ఫార్మా కంపెనీలు దీన్ని తొక్కేస్తున్నాయి. కీమో అంటే విషం, ఈ మందు వచ్చేదాకా కీమో ఆపేసి రోజూ వేడి నిమ్మ నీళ్ళు తాగండి. 20 మందికి పంపండి."

పంపినవాళ్ళంతా మంచివాళ్ళే, ప్రేమతోనే పంపారు, నాకు ఎక్కువ బాధ అక్కడే. నేను మందుల ఫార్ములేషన్ (మందుని ఇంజెక్షన్‌గానో మాత్రగానో తయారుచేసే) పనిలో ఉన్నా కాబట్టి "ఇది నిజమేనా అన్నా" అని నన్నే అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

చిన్నవి ముందు తేల్చేద్దాం. నిమ్మ నీళ్ళు దాహానికి మంచివి, కాన్సర్‌ని ఏమీ చెయ్యవు. 48 గంటలు అనేది ఎక్కడా లేని లెక్క, డాక్టర్లు మామూలుగా కొన్ని సైకిల్స్ (గ్యాప్ ఇచ్చి ఇచ్చే కీమో విడతలు) అయ్యాకే స్కాన్ తీసి గడ్డ తగ్గిందా లేదా చూస్తారు. ఇక సైంటిస్టు పేరు లేదు, యూనివర్సిటీ పేరు లేదు, ఆఖరికి మందు పేరు కూడా లేదు. ప్రపంచాన్ని కాపాడిన మనిషి పేరు రాయడానికి చోటు దొరకలేదు గానీ నిమ్మకాయకి దొరికింది!

ఆరు నెలలు అన్న మాట చదివితే మాత్రం ఒళ్ళు మండుతుంది. నానో మందుల్లో ఒక రకం లైపోసోమ్, అంటే మందు మోసుకెళ్ళడానికి కొవ్వుతో చేసిన చిన్న బుడగ, దాని గురించి బ్రిటన్‌లో అలెక్ బాంగ్హమ్ 1960లలో చెప్పాడు. దానిలో డాక్సోరుబిసిన్ అనే కాన్సర్ మందు పెట్టిన డాక్సిల్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది 1995లో. మధ్యలో దాదాపు 30 ఏళ్ళు. ఇజ్రాయెల్‌లో బారెన్‌హోల్జ్, గాబిజోన్ అనే ఇద్దరు పరిశోధకుల కెరీర్‌లో చాలా భాగం దీనికే పోయింది. బుడగలో మందు నిలవదు, కారిపోతుంది, దాన్ని లోపలికి లాగి పట్టి ఉంచడానికి అమ్మోనియం సల్ఫేట్‌తో ఒక ఉపాయం పట్టారు, సరే మందు నిలిచింది అనుకుంటే రక్తంలోకి వెళ్ళగానే లివర్‌లోనూ ప్లీహంలోనూ ఉండే కణాలు ఆ బుడగల్ని మింగేస్తాయి, దానికి పైన పెగ్ అనే పాలిమర్ పూత వెయ్యాల్సి వచ్చింది. ఇలా ఒక్కో చిక్కుకీ ఏళ్ళు. యాంటీబాడీకి (ఒక రకం కణాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్) మందు తగిలించిన మైలోటార్గ్ అనే రక్త కాన్సర్ మందు కథ ఇంకా ఘోరం, 2000లో అనుమతి, 2010లో మార్కెట్ నుంచి వెనక్కి, డోసు మార్చి 2017లో మళ్ళీ అనుమతి. ఆరు నెలలు అని రాసి సైంటిస్టుని పొగిడామనుకుంటున్నారు, నిజానికి వాళ్ళు పడ్డ కష్టమంతా లేనట్టు చేస్తున్నారు.

సైడ్ ఎఫెక్ట్స్ జీరో. టార్గెటెడ్ అనగానే అడ్రస్ రాసిన కొరియర్‌లా నేరుగా గడ్డకే చేరుతుందని అందరి నమ్మకం. పదేళ్ళ ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి చూసి 2016లో టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు ఒక లెక్క వేశారు, జంతువులకి ఎక్కించిన నానో మందులో గడ్డ దాకా చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. నూటికి ఒకటి కూడా కాదు! అయినా వీటివల్ల లాభం ఉంది, డాక్సిల్‌తో గుండె దెబ్బతినే భయం మామూలు డాక్సోరుబిసిన్‌తో పోలిస్తే బాగా తగ్గింది, అది చిన్న విషయం కాదు. కానీ అదే మందుతో అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి తోలు ఊడేవాళ్ళున్నారు.

ఫార్మా కంపెనీలు తొక్కేస్తున్నాయట. తొక్కేస్తే డాక్సిల్ జెనరిక్ మన దేశంలో ఎలా తయారవుతోంది? 2012లో అమెరికాలో డాక్సిల్ కొరత వస్తే మన సన్ ఫార్మా చేసిన లైపోడాక్స్‌నే వాళ్ళు దిగుమతి చేసుకున్నారు. అయితే ఒక్కటి ఒప్పుకుంటా, కంపెనీల మీద ఆ కోపం ఊరికే పుట్టలేదు. కిడ్నీ, లివర్ కాన్సర్‌కి వాడే సోరాఫెనిబ్‌ని బేయర్ నెలకి దాదాపు 2 లక్షల 80 వేలకి అమ్మేది, 2012లో ప్రభుత్వం కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్నా వేరే కంపెనీ తయారుచేసుకునే అనుమతి) ఇస్తే మన హైదరాబాద్ నాట్కో అదే మందు 8,800కి ఇస్తానంది. మందుని ఎవరూ దాచలేదు, అందనంత ధర పెట్టారు, ఎంతోమందికి అది లేనట్టే అయింది. దాని మీద మెసేజ్ రాయండి, నేనే అందరికీ పంపుతా.

ఇక అసలు దరిద్రం, కీమో ఆపేయండి అన్న లైను. మిగతావన్నీ అబద్ధాలు, ఇది మనిషిని చంపుతుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీకి కీమో సగంలో ఉంది. జుట్టు పోయింది, అన్నం వాసనకే వాంతి వస్తోంది. లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి "బాబూ, ఆ ఇంజెక్షన్ వచ్చేదాకా ఆగితే కాదా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమెకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, ఆ గ్రూప్‌లో నేనూ ఉన్నా.

కీమో విషమా అంటే, అవును, విషమే. మొదటి కీమో మందు నైట్రోజన్ మస్టర్డ్ పుట్టింది యుద్ధంలో వాడిన మస్టర్డ్ గ్యాస్ మీద చేసిన పరిశోధనలోంచే. దాన్ని కొలిచి, గ్యాప్ ఇచ్చి, రక్త పరీక్ష చూసి ఇస్తారు కాబట్టే మందు అయింది. ఒక్కో సైకిల్‌కి కొన్ని కాన్సర్ కణాలు పోతాయి, మధ్యలో వదిలేస్తే మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి. మామూలు వైద్యం వదిలేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే పట్టుకున్నవాళ్ళని అమెరికాలో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్క తీస్తే, 2018 పేపర్‌లో, మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళతో పోలిస్తే చనిపోయే ప్రమాదం 2.5 రెట్లు, రొమ్ము కాన్సర్‌లో 5 రెట్ల పైమాటే, అదీ జబ్బు వేరే చోటికి పాకనివాళ్ళలో.

ఇంకో సంగతి. డాక్సిల్ బుడగ లోపల ఉన్నది కీమో మందే కదా, మరి మీరు ఎదురుచూసేది దేనికోసం? మన తెలుగు సైంటిస్టు అని గర్వపడాలంటే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు, ఆయన టీమ్ నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ ఈరోజుకీ పిల్లల లుకేమియాలో (రక్త కాన్సర్) వాడుతున్నారు. అది కీమోనే!

ఆంటీకి చెప్పిందే ఇక్కడా చెప్తున్నా. వాంతులు ఎక్కువైతే డాక్టర్‌కి చెప్పండి, మందులు మారుస్తారు, అవసరమైతే డోసు తగ్గిస్తారు, అంతేగానీ మీరే ఆపకండి. డబ్బు ఇబ్బంది అయితే ఆరోగ్యశ్రీ ఉంది, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జే. ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి ఉంది. కొత్త మందు ట్రయల్ కావాలంటే సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫ్రీగా వెతకొచ్చు, దొరికింది డాక్టర్‌కి చూపించండి, అక్కడ చేరాలన్నా ముందు అడిగేది ఇప్పటిదాకా ఏ కీమో ఎన్ని సైకిల్స్ తీసుకున్నారనే.