పరిమళించిందంటే చచ్చినట్టే!

బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంటు సంఘం సూక్ష్మజీవులపై యుద్ధం ప్రకటించి మూడు నెలలైంది. సభ్యుల్లో సగానికి సగం తెలుగువాళ్లమే కాబట్టి ఉపన్యాసాలకు లోటు రాలేదు. గెలుపోటములు తేల్చే బాధ్యతను మాత్రం ఏకగ్రీవంగా ముక్కుకు అప్పగించాం. లిఫ్టులో నిమ్మ వాసన వస్తే క్రిములు చచ్చినట్టు, మల్లె వాసన వస్తే వంశంతో సహా చచ్చినట్టు లెక్క.

నవ్వకండి. ముక్కును నమ్ముకున్న మహానుభావులు మాకు ముందూ ఉన్నారు. శవాలను కోసిన చేతులతోనే పురుళ్లు పోస్తున్న వియన్నా వైద్యులను, 1847లో వాళ్లతోనే పనిచేస్తున్న వైద్యుడు సెమ్మెల్‌వైస్ క్లోరిన్ పట్టిన సున్నపు నీళ్లలో చేతులు కడుక్కోమన్నాడు. చేతులకంటిన శవాల కంపు దానితో పోతుందనే ఆ నీళ్లు ఎంచుకున్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు పోతున్న వార్డులో జూన్ నాటికి ఆ సంఖ్య 2కు దిగింది. 1860లలో బ్రిటిష్ శస్త్రవైద్యుడు లిస్టర్ గాయాలకు కార్బాలిక్ ఆమ్లం పట్టించడం వెనక కూడా, ఇంగ్లండులోని కార్లైల్ పట్టణపు మురుగు కంపును అది అణచిందన్న వార్త ఉంది. కంపు పోయిందా అని వాళ్లు చూశారు, పరిమళం వచ్చిందా అని మేము చూస్తున్నాం. అంతే తేడా.

మా ప్రధానాయుధం బ్లీచింగ్ పౌడరు. దాన్ని నీళ్లలో కలిపితేనే పనిచేస్తుందనీ, సంచి మూతి విప్పి వదిలేస్తే రోజురోజుకీ సత్తువ తగ్గుతుందనీ పుస్తకాల్లో ఉంది. మా వాచ్‌మన్ నెల క్రితం మూతి విప్పిన సంచిలోంచి పిడికెడు తీసి, ప్రహరీ వెంబడి పొడిపొడిగా, వంకర లేకుండా ముగ్గుగీత లాగుతాడు. మూలమలుపులో చిన్న మెలిక కూడా వేస్తాడు, చూడముచ్చటగా ఉంటుంది. లక్ష్మణరేఖ దాటే ధైర్యం సూక్ష్మజీవులకు లేదని మా నమ్మకం. ఒకరోజు అదే పౌడరుకు మరుగుదొడ్డి యాసిడ్ తోడైంది. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. పనిమనిషి దగ్గుతూ బయటికి పరుగెత్తితే, మందు ఎంత ఘాటుగా ఉందో చూశారా అని కార్యదర్శిగారు మురిసిపోయారు. (మీరు మాత్రం ఈ రెండూ కలపకండి, ఇందులో వ్యంగ్యం లేదు.)

చేతులకు రాసుకునే ఆల్కహాలు 70 శాతమే ఉందని తెలిసి కార్యదర్శిగారి మనసు గాయపడింది. మిగతా 30 శాతం నీళ్లకు డబ్బెందుకివ్వాలి? అసలు పని చేయించేది ఆ నీళ్లే. చిక్కటి ఆల్కహాలు క్రిమి పైపొరను ఠక్కున గడ్డకట్టించి తన దారి తానే మూసుకుంటుంది. నీళ్లు కలిస్తే నిదానంగా లోపలికి దిగి, దాని మాంసకృత్తులను చెడగొడుతుంది. ఈ మాట సభలో చెప్పి, నీళ్ల వ్యాపారి మనిషినన్న బిరుదు సంపాదించుకున్నాను.

వేడి సంగతికొస్తే, బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున కూర్చుంది. అందుకని ఇక్కడ నీళ్లు 100 డిగ్రీల దాకా ఓపిక పట్టవు, 97 దగ్గరే మరిగిపోతాయి. మామూలు క్రిములకు అదే ఎక్కువ. కొన్ని క్రిములు గట్టి పెంకులో ముడుచుకుని నిద్రపోయే రూపాలు, అంటే సిద్ధబీజాలు (స్పోర్లు) మాత్రం అందులో హాయిగా జలకాలాడతాయి. వాటిని చంపాలంటే ఆవిరిని ఒత్తిడిలో బంధించి, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచాలి. ఆ పని చేసే పాత్ర పేరు ఆటోక్లేవు, దాన్ని 1879లో ఫ్రెంచి శాస్త్రవేత్త షాంబర్లాండ్ తయారుచేశాడు. దాని చెల్లెలు మన కుక్కర్. అయితే మనం మూడు విజిళ్లకే దింపేసి, మిగిలిన అన్నాన్ని రాత్రంతా గట్టు మీదే వదిలేస్తాం. నిద్రలేచిన బీజాలు తెల్లారేసరికి విషం కూడా వండి పెట్టవచ్చు. పొద్దున పోపు వేసి వేడిచేస్తే క్రిమి చస్తుందేమో గానీ, అన్నంలో మిగిలిన విషం ఆ వేడికి లొంగకపోవచ్చు. పోపు వాసన మాత్రం వీధి చివరికి వస్తుంది, కాబట్టి మా సంఘం నియమాల ప్రకారం అది శుభ్రమైన భోజనం.

మా ఇంట్లో అసలైన రసాయన శాస్త్రవేత్త తెనాలి నుంచి వచ్చిన అమ్మ. ఆవకాయ జాడీని ఎండలో ఆరబెట్టి, ఉప్పు కొలత తప్పకుండా వేసి, ముక్కలు మునిగేదాకా నూనె పోస్తుంది. ఉప్పు క్రిమి ఒంట్లోని నీళ్లు లాగేస్తుంది, నూనె గాలిని అడ్డుకుంటుంది. తడి గరిటె పెట్టావో, నేరుగా పెట్టినవాడి మీదే యుద్ధం. ఈ పద్ధతిని సంఘానికి సూచించాను. దీనికి బిల్లు ఎవరిస్తారని కోశాధికారిగారు అడిగారు.

డిసెంబరు చలిలో ఇడ్లీ పిండి పొంగలేదు. మినప్పప్పుతో వచ్చిన సూక్ష్మజీవులు వెచ్చదనం లేక పని మానేశాయి. ఇల్లంతా మల్లె పరిమళంతో క్రిములను ఊచకోత కోస్తున్న ఆ ఆదివారం, అమ్మ పిండి గిన్నెకు నా ఉన్ని శాలువా రెండు చుట్లు చుట్టి, గట్టు మీద వెచ్చని మూల చూసి పెట్టింది.

“ఒరేయ్, ఆ ఘాటు సీసా ఇక్కణ్ణుంచి తీసెయ్యి,” అంది. “పాపం, అసలే చలికి ముడుచుకుపోయింది.”