ముచ్చటగా మూడోసారి: కాలిఫోర్నియా త్రీ స్ట్రైక్స్ చట్టానికి లేఖ

మహారాజశ్రీ త్రీ స్ట్రైక్స్ చట్టం గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. వయసు 30 దాటినా మీరు ఇంకా గట్టిగానే ఉన్నారని తెలిసి ఆశ్చర్యమేమీ కలగలేదు. రికార్డులో పెద్ద నేరం ఒక్కోటి ఒక్కో స్ట్రైక్, మూడోది పడితే మనిషిని జీవితాంతం లోపలే ఉంచెయ్యొచ్చు, ఇదీ మీ పద్ధతి. అసలు మీ పుట్టుకే గట్టిది. 1994 మార్చిలో గవర్నర్ సంతకంతో ఒకసారి, నవంబరులో ప్రపొజిషన్ 184 (జనం ఓటుకి పెట్టిన ప్రతిపాదన) పేరుతో జనం ఓట్లతో ఇంకోసారి, ఒకే ఏడాదిలో రెండుసార్లు పుట్టారు. వాషింగ్టన్ రాష్ట్రంలో మీ అన్నగారు 1993లోనే వచ్చినా పేరు మాత్రం మీరే కొట్టేశారు (ఈ కొట్టేయడానికి స్ట్రైక్ లేదు లెండి).

జనం మిమ్మల్ని ఎందుకు కోరుకున్నారో తెలుసు, దాన్ని వెక్కిరించను. 1993లో పెరోల్ (శిక్ష పూర్తికాకముందే షరతులతో విడుదల) మీద బయట తిరుగుతున్న పాత నేరస్థుడు ఒకడు పన్నెండేళ్ల పాపను ఇంట్లోంచి ఎత్తుకెళ్లి చంపేశాడు. అలాంటివాణ్ణి మళ్లీ వదలకూడదని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే మీరు వాళ్లతో ఆగలేదు కదా! మొదటి రెండూ సీరియస్ నేరాలో హింసాత్మక నేరాలో అయ్యుండాలన్నారు, బాగుంది, ముచ్చటగా మూడోది మాత్రం ఏ ఫెలనీ (చిల్లర నేరం కాని పెద్ద నేరం) అయినా సరే 25 ఏళ్ల నుంచి జీవితాంతం, అంటే 25 ఏళ్లు గడిచాకే పెరోల్ అడగొచ్చు అన్నారు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం.

మీ ఘనకార్యాల్లో నాకు మరీ నచ్చింది వీడియో క్యాసెట్ల కేసు. 1995 నవంబరులో ఒకాయన ఓ దుకాణంలో ఐదు క్యాసెట్లు ఎత్తేస్తూ దొరికాడు, వాటి ఖరీదు 84 డాలర్ల 70 సెంట్లు. రెండు వారాలకి ఇంకో దుకాణంలో నాలుగు క్యాసెట్లు ప్యాంటు వెనక దోపుకుని మళ్లీ దొరికాడు, ఈసారి 68 డాలర్ల 84 సెంట్లు. దొంగగా ఆయనకి పెద్ద భవిష్యత్తు లేదని అక్కడే తేలిపోయింది. మామూలుగా అయితే ఇది చిల్లర దొంగతనం, మహా అయితే కౌంటీ జైల్లో ఆరు నెలలు. కానీ పాత దొంగతనం రికార్డులో ఉంటే ప్రాసిక్యూటర్ దాన్ని ఫెలనీగా పెట్టొచ్చు, పెట్టారు. 1980ల్లో ఇళ్లలో దూరిన పాత నేరాల్ని తవ్వి తీసి స్ట్రైకులుగా లెక్కేశారు. ఐదు క్యాసెట్లకి ఒక 25, నాలుగు క్యాసెట్లకి ఇంకో 25, అదీ ఒకదాని తర్వాత ఒకటి! 50 ఏళ్లు గడిస్తేగానీ పెరోల్ మాటెత్తడానికి లేదు. డాలరుకి దాదాపు నాలుగు నెలలు పడింది సార్. మీ రాష్ట్రంలోనే సెకండ్ డిగ్రీ హత్యకి 15 ఏళ్ల నుంచి జీవితాంతం, కాబట్టి ఇకమీదట క్యాసెట్ల జోలికి వెళ్లేవాళ్లు కాస్త ఆలోచించుకోవాలి.

ఈ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2003 మార్చి 5న 5-4 తేడాతో మీరే గెలిచారు. ఈ శిక్ష కూడా నేరానికి మించింది కాకపోతే, నేరానికి మరీ మించిన శిక్ష వేయకూడదన్న సూత్రానికి ఇక అర్థమే లేదని జస్టిస్ సౌటర్ భిన్నాభిప్రాయం రాశారు గానీ, అది ఓడిపోయిన పక్షం మాట. అదే రోజు, ఒక్కోటి 399 డాలర్ల గోల్ఫ్ కర్రలు మూడు ఎత్తుకెళ్లిన ఇంకొకాయనకి పడ్డ 25 ఏళ్ల నుంచి జీవితాంతం శిక్ష కూడా 5-4తోనే నిలబడింది. అంతకుముందు 1980లో, మూడు మోసాలూ కలిపి 230 డాలర్లు కూడా దాటని మనిషికి టెక్సాస్ వేసిన జీవితఖైదు 5-4తో ఉండిపోయింది. 1983లో, 100 డాలర్ల చెల్లని చెక్కు రాసినందుకు సౌత్ డకోటా వేసిన పెరోల్ లేని జీవితఖైదు 5-4తో ఊడిపోయింది. మనిషి బతుకంతా లోపలా బయటా అన్నది ఒక్క జడ్జి ఎటు మొగ్గితే అటు, దీన్నే రాజ్యాంగ సూత్రం అంటున్నారు, సరే.

2012లో ప్రపొజిషన్ 36 వచ్చి మీ కోరలు కొంచెం పీకింది, చాలామటుకు మూడో నేరం కూడా సీరియస్‌దో హింసాత్మకమైనదో అయ్యుండాలంది, పాత ఖైదీల్లో కొందరికి శిక్ష తగ్గించమని అడిగే దారీ ఇచ్చింది. తమాషా ఏంటంటే 2024లో మళ్లీ ప్రపొజిషన్ 36 పేరుతోనే ఇంకోటి వచ్చి, దొంగతనం కేసుల్లో రెండుసార్లు శిక్ష పడ్డవాడు మూడోసారి ఎంత చిన్న వస్తువు తీసినా ఫెలనీ పెట్టొచ్చంది. జీవితఖైదు కాదులెండి, కానీ మళ్లీ మూడే! ఆ అంకె మీద మీ వాళ్లకి ఎంత ప్రేమో.

ఈ గొడవలో మీ రెండో స్ట్రైక్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పాత సీరియస్ నేరం ఒక్కటి ఉంటే చాలు, కొత్తది ఏ ఫెలనీ అయినా శిక్ష రెట్టింపు. 2012లో జనం దీని జోలికే రాలేదు. జైళ్లలో మూడో స్ట్రైక్ వాళ్లకంటే రెండో స్ట్రైక్ వాళ్లే చాలా ఎక్కువ. మేమంతా మూడో దాని మీద వ్యాసాలు రాసుకుంటూ కూర్చున్నాం, మీరేమో రెండో దానితో పని కానిచ్చేస్తున్నారు.

ఇట్లు,
ఇంకా ఒక్క స్ట్రైకూ పడని ఓ అభిమాని