ఏ ఎండకా రంగు

మొహాలకి రంగులు పూసుకుని ఆడే న్యూయార్క్ రాక్ బ్యాండు కిస్‌ని అవకాశవాదులంటే నేనొప్పుకోను. పాపం, గాలి ఎటు వీస్తే అటు తలూపే వినయం వాళ్లది. 1979లో డిస్కో గాలి వీచింది, రంగు మొహాలతోనే డిస్కో పాడారు. 1983లో వీడియోల రోజులొచ్చాయి, మొహం కడుక్కుని ఎంటీవీలో కూర్చున్నారు. తర్వాత ఊరంతా గ్రంజ్ అనే దిగులు రాక్ వెంట పడితే వీళ్లూ దిగాలుగా ఓ ఆల్బమ్ రికార్డు చేశారు. ఈలోగా పాత వేషానికే గిరాకీ ఉందని తేలింది. 1997లో ఆ దిగులు విడుదలయ్యేసరికి వీళ్లు మళ్లీ రంగు పూసుకుని ఊరేగుతున్నారు!

మన పగటివేషగాళ్లు నయం. చివరి రోజు సంభావన పుచ్చుకుని ఊరు వదిలేవారు. వీళ్లు 2000లో వీడ్కోలు టూర్ మొదలుపెట్టి, 2023 డిసెంబర్ 2న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇంకోసారి వీడ్కోలు చెప్పారు. జనం కళ్లు తుడుచుకునేలోపే తెర మీదకి నాలుగు కంప్యూటర్ బొమ్మలు దిగాయి. ఇకపై కిస్ అంటే ఇవేనట.

సౌకర్యమే లెండి. బొమ్మకి మోకాళ్ల నొప్పులుండవు. వేదిక మీద బేసిస్టు జీన్ సిమన్స్ చాపే నాలుక ఎంత కావాలంటే అంత సాగుతుంది. 1973 డిసెంబర్ 31న నోట్లోంచి మంటలూదుతూ జీన్ సిమన్స్ నిజంగానే జుట్టు కాల్చుకున్నాడు. బొమ్మకి ఆ బాధ లేదు, కాలినా రీస్టార్ట్ చేస్తే సరి. రేపు ఏ కొత్త గాలి వీచినా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చాలు. సిమన్స్‌లా వేదిక మీద రక్తం కక్కేటప్పుడు కరెంటు పోతే ఏం చేస్తారో మరి.

ఇంతవరకూ నవ్వొచ్చింది. ఆ బొమ్మల్లో వెండి నక్షత్రాల మొహం దగ్గర మాత్రం రాదు. అది బ్యాండు తొలి గిటారిస్టు ఏస్ ఫ్రేలీ మొహం. బ్యాండు పేరులోని మెరుపు అక్షరాలు గీసింది కూడా అతనే. అతను వెళ్లిపోతే ఆ రంగు తీసి కొత్త గిటారిస్టు టామీ థేయర్‌కి పూశారు. తొలి డ్రమ్మర్ పీటర్ క్రిస్ పిల్లి మీసాలు తర్వాతి డ్రమ్మర్ ఎరిక్ సింగర్‌కి అంటించారు. హక్కులు బ్యాండువేనట, ఉండనివ్వండి. సిగ్గు ఎవరిది? పాట మారిస్తే మార్చుకోండి, మనిషి మొహాన్ని యూనిఫాం చేస్తారా?

2024లో పాటలతో పాటు పేరునీ ఆ మొహాలనీ స్వీడన్ కంపెనీ పాప్‌హౌస్‌కి అమ్మేశారు. 2025 అక్టోబర్‌లో ఏస్ పోయాడు. నక్షత్రాల బొమ్మ షోలు మాత్రం ఇంకా ముందున్నాయి.