‘రిఫిఫీ’లో ఆ కంత, ఆ గొడుగు: చెవిలో పూలు కావు

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా పాత దొంగతనం సినిమాల మాట వస్తే, 1955 నాటి ఫ్రెంచి సినిమా ‘రిఫిఫీ’ మీద ఒక తీర్పు తయారుగా ఉంటుంది. “పేరు గొప్ప ఊరు దిబ్బ. డబ్బుల్లేక అరగంట మ్యూజిక్ లేకుండా లాగించారు. సుత్తీ ఉలీతో స్లాబుకు కంత పెట్టడం, నురగతో అలారం నోరు మూయించడం చెవిలో పూలు. పైగా దొంగలకు ట్యూషన్. నగలు చేతికొచ్చాక ఇక చూసేదేం లేదు.” సినిమా అందరికీ నచ్చాలని లేదు. ఈ మాటల్లో మాత్రం చాలావాటికి కాళ్లు లేవు.

ముందు కంత సంగతి. సినిమాలో దొంగలు పై అంతస్తు నేలకు కంత పెట్టి కిందున్న నగల షాపులోకి దిగుతారు, రాలే పెళ్లలు పట్టడానికి గొడుగు వాడతారు. నెల్లూరు ఆచారి వీధిలో నగల షాపు మీది అంతస్తును మనసులో పెట్టుకుని చూస్తే ఆ అనుమానం వచ్చి తీరుతుంది. మనది ఆర్‌సీసీ స్లాబు. మందం 5 అంగుళాలు, లోపల ఆరంగుళాలకొకటి చొప్పున 8 లేదా 10 మిల్లీమీటర్ల కమ్మీలు, అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస. మనిషి దూరేందుకు అడుగున్నర వెడల్పు కంత కొడితే రాలే కాంక్రీటే దాదాపు 50 కిలోలు. కమ్మీలు కోయడం వేరే పని. ఇది సుత్తీ ఉలీతో ఒక రాత్రిలో తేలే యవ్వారం కాదు, నిజమే. కానీ సినిమాలో ఉన్నది స్లాబు కాదు. పాత పారిస్ మేడల్లో చెక్క దూలాలు, వాటి మధ్య రాళ్లూరప్పల నింపుడు, పైన చెక్క నేల, కింద జిప్సం పూత. ఆ పూతనే మనం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటాం, పేరులోనే ఊరుంది. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం పాత మిద్దె: దూలాలు, దంతెలు, పైన ఇటుకా సున్నమూ. మిద్దె విప్పిన మేస్త్రీని అడగండి, దూలానికీ దూలానికీ మధ్య తవ్వడం ఎంత పనో చెబుతాడు.

గొడుగు దగ్గర నవ్వేవాళ్లు ఇంకో సంగతి వదిలేస్తారు. కింద షాపులో ఉన్నది అదురుకు మోగే అలారం. పెద్ద పెళ్ల ఒకటి నేల మీద పడితే చాలు, పని చెడినట్టే. అందుకే ముందు గొడుగు పట్టేంత చిన్న కంత పెడతారు. మూసిన గొడుగును అందులోంచి కిందికి దించి, అక్కడ విప్పుతారు. అది తల్లకిందులుగా, పిడి పైకి ఉండి బుట్టలా తెరుచుకోవాలి. ఆ తర్వాతే కంతను వెడల్పు చేస్తారు, రాలినదంతా గొడుగులో పడుతుంది. పెళ్లలు పెద్దవైతే బట్ట చిరుగుతుంది, ఊచలు వంగుతాయి. కాబట్టి చిన్న చిన్నగా కొట్టాలి, చేతికందినవి పైకి తీసేయాలి. తెర మీద జరిగేదీ అదే. నిదానంగా ఉందని విసుక్కునే ఆ నిదానం పని లెక్క ప్రకారం వచ్చిందే.

నురగ కూడా మంత్రం కాదు. ఆ కాలపు అలారం అంటే పెట్టెలో గంట, దాన్ని కొట్టే చిన్న సుత్తి. మంటలార్పే అప్పటి నురగ ఎక్స్‌టింగ్విషర్లలో సోడా బైకార్బొనేట్ ద్రావణం, అల్యూమినియం సల్ఫేట్ ద్రావణం కలిసి జిగట నురగ తయారయ్యేది. అది పెట్టెలో నిండితే సుత్తి ఆడదు, గంట కంపించదు. సినిమాలో వాళ్లు అలాంటి అలారమే తెచ్చుకుని, ఒక్కో ఉపాయం తప్పిపోతూ ఉంటే చివరికి దీని దగ్గరికొస్తారు. ఇప్పుడు మన షాపుల్లో గోడకు వేలాడే ఎర్ర సిలిండర్లో ఎక్కువగా ఉండేది పొడి. సైరన్ ఎలక్ట్రానిక్, లోపల బ్యాటరీ ఉంటుంది, వార్త ఫోనుకు ముందే పోతుంది. ట్యూషన్ అన్న ఆరోపణకు జవాబు ఇందులోనే ఉంది. ఆ రోజుల్లో దొంగలు అనుకరిస్తున్నారని మెక్సికోలో సినిమాను నిలిపేసిన మాట వాస్తవమే. డెబ్బై ఏళ్ల కిందటి గంటపెట్టె పాఠం ఇవాళ ఎవరికి పనికొస్తుంది?

మ్యూజిక్ లేకపోవడం పేదరికం అన్నది శుద్ధ తప్పు. బడ్జెట్ తక్కువే, పెద్ద స్టార్లు లేరు, అంతవరకు ఒప్పుకోవాలి. కానీ జార్జ్ ఓరిక్ ఆ ఘట్టానికి సంగీతం కట్టేశాడు. దర్శకుడు జూల్స్ డాసిన్ సంగీతంతో ఒకసారి, లేకుండా ఒకసారి వేసి చూపిస్తే, లేకుండానే బాగుందని ఓరిక్ స్వయంగా ఒప్పుకున్నాడు. చేతిలో ఉన్నదాన్ని తీసేయడం లేమి కాదు. మన హాల్లో అరగంట డైలాగ్ లేకపోతే సౌండ్ పోయిందని ఆపరేటర్‌ను కేకేస్తారు, అది వేరే విషయం. ఈ నిశ్శబ్దంలో పియానో మీట ఒకటి పొరపాటున మోగితే గుండె జారుతుంది. వెనక వయొలిన్లు వాయిస్తుంటే ఆ ఒక్క చప్పుడు ఎవరికి వినబడేది?

తప్పుపట్టాల్సింది వేరే ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. మొదట్లో దొంగల నాయకుడు టోనీ తన పాత ప్రియురాలు మాడోను బెల్టుతో కొట్టే ఘట్టం. హీరో గట్టివాడని చూపించడానికి వాడిన ఆ దారి ఇవాళ చూస్తే రోత పుడుతుంది. నచ్చలేదన్నవాళ్లు దాన్ని చూపించి ఉంటే ఈ ఖండన అవసరమే ఉండేది కాదు.

నగలతో కథ అయిపోయిందన్నది చివరి మాట. ఇంత పకడ్బందీగా చేసిన పనిని చెడగొట్టేది అలారమూ కాదు, పోలీసులూ కాదు, ఒక ఉంగరం. బీరువా తెరిచే మొనగాడు సెజార్ మిగతావాళ్లకు తెలియకుండా దాన్ని జేబులో వేసుకుని క్లబ్బులో పాడే అమ్మాయికి ఇస్తాడు. ఆ ఉంగరం పట్టుకుని అవతలి ముఠా వస్తుంది. సెజార్ భయపడి నోరు విప్పుతాడు, స్నేహితులు చస్తారు, టోనీ అతణ్ని కాల్చేస్తాడు. సాటి సినిమావాళ్లు పేరు చెప్పడంతో, కమ్యూనిస్టులని ముద్ర పడినవాళ్లకు పని ఇవ్వని హాలీవుడ్ బ్లాక్‌లిస్టులో పడి, దాదాపు ఐదేళ్లు సినిమా లేకుండా గడిపి, పారిస్‌లో ఇది తీసినవాడు డాసిన్. పేర్లు బయటపెట్టి చచ్చే సెజార్ వేషం వేసిందీ ఆయనే. టైటిల్స్‌లో మాత్రం పెర్లో వీటా అని ఉంటుంది.